ట్రెయిలర్ గీజర్ మొరాయిస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

వేసవి వచ్చిందంటే అమెరికా పాఠకుల నుంచి వీసాల ప్రశ్నలు కాస్త తగ్గి ట్రావెల్ ట్రెయిలర్ల (బండి వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇళ్ల) ప్రశ్నలు పెరుగుతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు, వాళ్లకి ఎల్లోస్టోన్ పార్కు చూపించాలి, హోటల్లో అయితే వంట కుదరదు, దాంతో ట్రెయిలర్ అద్దెకు తీసుకోవడమో పాతది కొనడమో జరుగుతుంది. తెల్లారి స్నానానికి వేడినీళ్లు రాకపోతే అప్పుడు మా చిరునామా గుర్తొస్తుంది. అందుకే ఈసారి అన్నీ వేడినీళ్ల ప్రశ్నలే.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఈమధ్య పాత ట్రెయిలర్ ఒకటి కొన్నాం. ఆరు గ్యాలన్ల ప్రొపేన్ హీటర్ ఉంది. స్విచ్ వేస్తే బయట టిక్ టిక్ మంటుంది, భగ్గున అంటుకుంటుంది, కొన్ని సెకన్లకే ఆరిపోతుంది. మూడుసార్లు ఇలా చేసి లోపల ఎర్రలైటు వెలుగుతుంది. స్టవ్ మాత్రం చక్కగా వెలుగుతోంది కాబట్టి గ్యాస్ ఉన్నట్టే కదా? ఫోన్ చేసి అడిగితే ఒక షాపువాళ్లు సర్క్యూట్ బోర్డు మార్చాలన్నారు. వచ్చే వారం మా అత్తగారూ మామగారూ వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. మార్పించేయమంటారా?

జవాబు: ఇప్పుడే బోర్డు జోలికి వెళ్లకండి. చూడకుండా ఫోన్‌లోనే బోర్డు పోయిందని చెప్పినవాళ్ల మాట నేనైతే పట్టించుకోను. మీ బోర్డు టిక్ టిక్ మని స్పార్క్ ఇస్తోంది, గ్యాస్ వాల్వు తెరుస్తోంది, మంట ఆగిపోతే లెక్కపెట్టి మూడోసారికి ఎర్రలైటు వేస్తోంది. ఇన్ని పనులు సరిగ్గా చేస్తున్నదాన్ని ముందే అనుమానించడం ఎందుకు?

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. స్విచ్ వేయగానే బోర్డుకి బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు వెళ్తుంది. అది ఒకపక్క గ్యాస్ వాల్వు తెరిచి, ఇంకోపక్క బర్నర్ మూతి దగ్గరున్న ఎలక్ట్రోడ్‌తో స్పార్క్ ఇస్తుంది. మంట అంటుకున్నాక బోర్డు గుడ్డిగా నమ్మదు, నిజంగా మంట ఉందా అని చూసుకుంటుంది. మంటలోంచి చాలా సన్నని కరెంటు పారుతుంది, దాన్ని ఆ ఎలక్ట్రోడ్ ద్వారానే బోర్డు పసిగడుతుంది. ఆ కబురు అందకపోతే, మంట లేకుండా గ్యాస్ వదులుతున్నానేమో అని వెంటనే వాల్వు మూసేస్తుంది. మీకు ఎదురుగా మంట కనిపిస్తున్నా దానికి మాత్రం కనిపించడం లేదు, మీ సమస్య చాలావరకు ఇదే.

అందుకే ఇలాంటి హీటర్‌ని ముందు చెవిపెట్టి వినాలి. టిక్ శబ్దమే రాకపోతే కరెంటు సంగతి చూడాలి: ఫ్యూజు, బ్యాటరీ, లేదా వేడి ఎక్కువై పడిపోయిన సేఫ్టీ స్విచ్. టిక్ మంటున్నా మంట రాకపోతే గ్యాస్ అందడం లేదు, లేదా స్పార్క్ పడాల్సిన చోట పడడం లేదు. మంట వచ్చి వెంటనే పోతే, మీకు చెప్పినట్టు, పసిగట్టడంలో తేడా, లేదా మంటే బలహీనంగా ఉండి ఎలక్ట్రోడ్‌ని సరిగ్గా తాకకపోవడం. పది పదిహేను నిమిషాలు బాగా మండి, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే ఆగిపోతే మాత్రం అది వేరే కథ, అప్పుడు థర్మోస్టాట్‌నో రెగ్యులేటర్‌నో అనుమానించాలి.

ఇక మీరు చేయాల్సింది. సిలిండర్ వాల్వు కట్టేయండి, హీటర్ స్విచ్ ఆపండి, పూర్తిగా చల్లారనివ్వండి. ట్రెయిలర్ బయటివైపు ఉన్న తలుపు తీస్తే యూ ఆకారంలో వంగిన బర్నర్ గొట్టం కనిపిస్తుంది. టార్చి వేసి దాని నోట్లోకి చూడండి. దూదిపోగులాగా తెల్లగా సాలెగూడు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ప్రొపేన్‌కి వాసన కోసం కలిపే మెర్‌కాప్టాన్‌కి సాలీళ్లు వస్తాయని ఇక్కడ చెప్పుకుంటారు. కారణం ఏదైనా, కొన్నాళ్లు వాడకుండా వదిలేసిన ప్రతి హీటర్‌లోనూ ముందు చూడాల్సింది ఇదే, ఒక్కోసారి కందిరీగల మట్టిగూడు కూడా ఉంటుంది. సీసాలు కడిగే సన్నటి బ్రష్షుతో శుభ్రం చేయండి. గ్యాస్ వచ్చే ఇత్తడి జెట్‌కి ఉన్న చిన్న రంధ్రంలో మాత్రం సూదో పిన్నో గుచ్చకండి, రంధ్రం కొద్దిగా పెద్దదైనా మంట పాడైపోతుంది.

తర్వాత ఎలక్ట్రోడ్. పింగాణీ మీద సన్నటి పగులు ఉందేమో చూడండి, ఉంటే స్పార్క్ దారిలోనే కారిపోతుంది. కొన మీది మసిని సన్నటి ఇసుక కాగితంతో గీకండి, మంట బాట్లోనే ఉండేలా, బర్నర్ నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో ఉందా అని చూడండి. బోర్డు దగ్గర ప్లగ్గు తీసి, బోర్డు అంచున ఉన్న రాగి పట్టీలని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గట్టిగా తొడగండి. ఎర్త్ తీగ స్క్రూ వదులైతే బిగించండి, మంట కబురు తిరిగి బోర్డుకి చేరేది ఆ దారినే. ఇంత పనికి మీకు పైసా ఖర్చవదు, చాలామందికి ఇక్కడే సమస్య తీరిపోతుంది.

ఇక స్టవ్ వెలుగుతోంది కాబట్టి గ్యాస్ బాగానే ఉంది అన్నారు, ఆ మాటనే నేను ఒప్పుకోను. సిలిండర్ దగ్గర చేత్తో తిప్పే ప్లాస్టిక్ నట్టు లోపల ఒక చిన్న సేఫ్టీ ఉంటుంది. సిలిండర్ వాల్వు గబుక్కున తిప్పి తెరిస్తే, గొట్టం ఎక్కడో తెగి గ్యాస్ పారిపోతోందేమో అనుకుని అది దారిని దాదాపు మూసేసి కొద్దిగా మాత్రమే వదులుతుంది. ఆ కొద్ది గ్యాస్‌తో ఒక స్టవ్ బర్నర్ హాయిగా వెలుగుతుంది, గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) లాగే హీటర్‌కి మాత్రం చాలదు. పరీక్ష తేలికే. స్టవ్ ఒకటి వెలిగించి ఉంచి, ఇంకొకరిని హీటర్ స్విచ్ వేయమనండి, హీటర్ అంటుకునే సమయంలో స్టవ్ మంట బాగా కుంగిపోతే గ్యాస్ సరిపోవడం లేదు. అప్పుడు అన్నీ ఆపి, సిలిండర్ వాల్వు పూర్తిగా మూసి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఈసారి మెల్లగా తెరవండి. సిలిండర్ కొత్తగా మార్చాక గొట్టాల్లో గాలి ఉంటుంది కాబట్టి స్టవ్‌ని రెండు నిమిషాలు వెలిగించి ఉంచితే ఆ గాలి పోతుంది, హీటర్ ఊరికే మూడుసార్లు ప్రయత్నించి అలిగి కూర్చోదు. అలిగితే స్విచ్ ఆపి అర నిమిషం ఆగి మళ్లీ వేయండి.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, రెగ్యులేటర్ స్క్రూ తిప్పి ప్రెషర్ పెంచే ప్రయోగాలు చేయకండి. అది 11 అంగుళాల నీటిమట్టం అనే లెక్కలో ఉండాలి, కొలవడానికి మానోమీటర్ కావాలి, అది ఇలాంటి ట్రెయిలర్లు బాగుచేసే ఆర్వీ మెకానిక్ పని. మంట నీలంగా, గలగలా శబ్దంతో ఉందంటే బాగుంది. పసుపుగా, సోమరిగా ఊగుతూ బయటి జాలీ మీద మసి పడుతోందంటే గాలి సరిపోవడం లేదు, బర్నర్ శుభ్రం చేసినా మారకపోతే వాడకండి. ఎల్లోస్టోన్ ఏడు వేల అడుగులకు పైనే కదా, అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి డాలస్‌లో నీలంగా ఉన్న మంట అక్కడ కాస్త పసుపెక్కవచ్చు. మీ హీటర్ పుస్తకంలో ఎత్తు గురించి ఏం రాశారో బయల్దేరేముందే చదవండి. బోర్డు సంగతి ఇవన్నీ అయ్యాకే.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా హీటర్ మంట బాగానే ఉంది, ఎర్రలైటు లేదు, కానీ కుళాయిలో నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి. ఎంతసేపు ఉంచినా అంతే. థర్మోస్టాట్ పోయిందా?

జవాబు: థర్మోస్టాట్‌ని తిట్టే ముందు చలికాలంలో ట్రెయిలర్‌కి ఏం చేయించారో గుర్తుచేసుకోండి. మీ వైపు చలికి గొట్టాలు పగలకుండా పింక్ రంగు యాంటీఫ్రీజ్ పోస్తారు, అది గ్యాలన్లకొద్దీ ట్యాంకులోకి పోకుండా హీటర్ వెనక బైపాస్ వాల్వు తిప్పుతారు. వసంతంలో తిరిగి మామూలుగా పెట్టడం మర్చిపోతే చల్లనీళ్లు ట్యాంకు పక్కనుంచి తిన్నగా వేడి గొట్టంలోకి వచ్చేస్తాయి. హీటర్ వెనకవైపు, చాలా ట్రెయిలర్లలో మంచం కిందో అల్మరా లోపలో, మూడు చిన్న పిడులుంటాయి. ట్యాంకులోకి వెళ్లేదీ బయటికి వచ్చేదీ తెరిచి ఉండాలి, మధ్యలోది మూసి ఉండాలి. పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. కొన్నిట్లో ఒకటో రెండో పిడులే ఉంటాయి, లెక్క అదే.

అది సరిగ్గానే ఉంటే బయట స్నానం కోసం పెట్టిన షవర్ చూడండి. పిల్లలు కాళ్లు కడుక్కుని షవర్ తల దగ్గర బటన్ మాత్రం ఆపి, వేడి చల్ల కుళాయిలు రెండూ తెరిచే వదిలేస్తారు. చుక్క బయటికి రాదు, కానీ రెండు గొట్టాలూ అక్కడ కలిసిపోయి ఇల్లంతా గోరువెచ్చని నీళ్లే. తేల్చుకోవడానికి దారి ఇది: మధ్య పిడి మూసే ఉంచి ట్యాంకులోకి చల్లనీళ్లు వెళ్లే వాల్వు కట్టేయండి, తర్వాత వేడి కుళాయి తిప్పండి. నీళ్లు ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో చల్లనీళ్లు కలుస్తున్నాయి. ఈ పరీక్ష చేసేటప్పుడు హీటర్ ఆపి ఉండాలి.

ప్రశ్న: అట్లాంటాలో ఉంటాం. ట్రెయిలర్‌లో వేడి కుళాయి తిప్పితే కుళ్లిన గుడ్ల వాసన. మా అత్తగారు గ్యాస్ లీకేనని భయపడి లోపలికే రానంటున్నారు. ఆవిడకి ఏం చెప్పాలి?

జవాబు: ఆవిడ భయం మంచిదే, తీసిపారేయకండి. వాసన వేడి కుళాయిలో మాత్రమే వచ్చి, చల్లనీళ్లలో లేకపోతే, కుళాయి కట్టగానే తగ్గిపోతే అది నీళ్ల వాసన. కుళాయితో సంబంధం లేకుండా నేల దగ్గర, హీటర్ దగ్గర, సిలిండర్ల దగ్గర వస్తుంటే గ్యాస్. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేల పట్టుకుని ఉంటుంది, అందుకే అలారం కూడా కిందనే బిగిస్తారు. అనుమానం ఉంటే లోపల ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి సిలిండర్ వాల్వు కట్టండి. జాయింట్లు చూడడానికి సబ్బు నీళ్లు చాలు, అగ్గిపుల్ల వద్దు.

నీళ్ల వాసనే అయితే కారణం ట్యాంకులోనే ఉంది. సబర్బన్ కంపెనీ హీటర్లలో ఇనుప ట్యాంకు తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు, తుప్పుని అది తన మీద వేసుకుంటుంది. రోజుల తరబడి నిలవ ఉన్న నీళ్లలో ఒకరకం బ్యాక్టీరియా చేరి, ఆ మెగ్నీషియంతో కలిసి ఈ వాసన పుట్టిస్తుంది. హీటర్ ఆపి, నీళ్లు చల్లారాక, పంపూ బయటి నీళ్లూ కట్టేసి, వేడి కుళాయి తిప్పి ప్రెషర్ వదిలేశాకే కడ్డీ విప్పండి, లేకపోతే వేడినీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. 1 1/16 అంగుళాల సాకెట్ కావాలి. కడ్డీ ముప్పావు వంతు కరిగిపోయి సన్నటి తీగలా మిగిలితే కొత్తది వేయండి. ట్యాంకు కడిగాక, మంచినీళ్ల ట్యాంకులో ప్రతి 15 గ్యాలన్లకి పావు కప్పు మామూలు బ్లీచ్ కలిపి, వేడి కుళాయిల్లో బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలైనా ఉంచి, తర్వాత బాగా కడిగేయండి. మీది ఆట్‌వుడ్ కంపెనీది అయితే ట్యాంకు అల్యూమినియం, అందులో కడ్డీ ఉండదు, కొని పెట్టకండి.

ప్రశ్న: గ్యాస్, కరెంటు స్విచ్చులు రెండూ ఒకేసారి వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, నీళ్లు త్వరగా కాగుతాయి. ఆరు గ్యాలన్లంటే 23 లీటర్లకు కాస్త తక్కువ, ఇంచుమించు మన ఇళ్లలో 25 లీటర్ల గీజరంత. గ్యాస్ మీద అరగంటలోపే కాగుతుంది, కరెంటు మీదే అయితే గంట దాకా పట్టొచ్చు. ఎలిమెంట్ 1,440 వాట్లు కాబట్టి 12 ఆంపియర్లు లాగుతుంది. 30 ఆంపియర్ల క్యాంప్‌గ్రౌండ్‌లో ఏసీ నడుస్తుండగా దీన్నీ వేసి, పైన రైస్ కుక్కర్ కూడా పెడితే బ్రేకర్ పడిపోవడం ఖాయం. ట్యాంకు ఖాళీగా ఉండగా కరెంటు స్విచ్ వేస్తే మాత్రం ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. వేడి కుళాయిలో గాలి బుడగలు ఆగి నీళ్లు ఒకే ధారగా వచ్చాకే వేయండి.

ప్రశ్న: హీటర్ బయట వైపు ఇత్తడి వాల్వులోంచి వేడెక్కినప్పుడల్లా చుక్కలు కారుతున్నాయి. క్యాంప్‌లో పక్కనున్న ఆయన మూత బిగించేయమన్నారు.

జవాబు: బిగించకండి. అది ప్రెషర్ గానీ వేడి గానీ ఎక్కువైతే ట్యాంకు పగలకుండా తెరుచుకునే వాల్వు, 150 పీఎస్‌ఐ దగ్గరో 210 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరో తెరుచుకుంటుంది, దాన్ని మూస్తే ట్యాంకు బాంబే. చుక్కలకు మామూలు కారణం ఏమిటంటే, నీళ్లు వేడెక్కి పెరిగితే చోటివ్వడానికి ట్యాంకు పైభాగంలో కాస్త గాలి ఉండాలి, అది పోయింది. హీటర్ ఆపి నీళ్లు పూర్తిగా చల్లారనిచ్చి, పంపూ బయటి నీళ్లూ కట్టేసి, ఒక వేడి కుళాయి తెరవండి. తర్వాత ఈ వాల్వు పిడిని పైకెత్తి నీళ్లు రావడం ఆగేదాకా ఉంచి, టప్పున వదిలేయండి. కుళాయి కట్టి నీళ్లు పెట్టుకోండి. అయినా కారుతూనే ఉంటే ఆ వాల్వు మార్చాలి, అదే రేటింగు ఉన్నదే తీసుకోండి.