టెక్సస్‌లో అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారంట, ఏ జైల్లో ఉన్నాడో ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో రిటైరైన టీచర్ని. మా అబ్బాయి హెచ్‌1బి మీద డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. నిన్న కోడలితో గొడవైందని, ఎవరో 911కి ఫోన్ చేస్తే పోలీసులొచ్చి వాణ్ణి తీసుకెళ్లారని వాడి ఫ్రెండ్ చెప్పాడు. ఫోన్ స్విచాఫ్. నెట్‌లో ఒక సైటు అరెస్ట్ రికార్డు చూపిస్తానని 30 డాలర్లు అడుగుతోంది, కట్టమంటారా? ఆ రికార్డు అందరికీ కనిపిస్తుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ డబ్బులు కట్టకండి. మీక్కావాల్సింది షెరిఫ్ ఆఫీసు వాళ్లు ఫ్రీగానే పెడతారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, ఆ కౌంటీ జైలు నడిపేది షెరిఫ్. అరెస్ట్ చేసింది సిటీ పోలీసులే అయినా, బెయిల్ మీద వెంటనే బయటికి రాకపోతే మనిషి చివరికి చేరేది కౌంటీ జైలుకే.

మీ విషయంలో చిక్కేంటంటే ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది, తూర్పు వైపు కాలిన్ కౌంటీ, పడమర వైపు డెంటన్ కౌంటీ. ఇంటి అడ్రస్ ఎందులోకి వస్తుందో ఆ ఫ్రెండ్‌ని అడగండి, తెలీదంటే రెండు చోట్లా వెతకండి. కాలిన్ వాళ్ల జైలు మెకిన్నీలో ఉంటుంది, డెంటన్ వాళ్లది డెంటన్ ఊళ్లోనే. గూగుల్‌లో కౌంటీ పేరు కొట్టి పక్కన జైల్ రికార్డ్స్ అనో ఇన్‌మేట్ సెర్చ్ అనో కొడితే ముందు వచ్చేవి చాలావరకు డబ్బులడిగే ప్రైవేట్ సైట్లే, వాటిని దాటేసి కౌంటీ ప్రభుత్వ సైటులోకే వెళ్లండి.

ఇక పేరు. మనవాళ్లు దొరక్కపోవడానికి సగం కారణం ఇదే. సెర్చ్‌లో లాస్ట్ నేమ్ అడిగిన చోట ఇంటిపేరు కొట్టాలి, కానీ కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గళ్లో ఏమీ ఉండదు, మొత్తం పేరంతా ఒకే గళ్లో ఉంటుంది, అలాంటివాళ్లకి అమెరికా వీసాలో ఆ పేరంతా లాస్ట్ నేమ్ గళ్లోకి వెళ్లి ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ఫస్ట్ నేమ్ తెలీదని) పడుతుంది, అదే డ్రైవింగ్ లైసెన్స్ మీదకీ, అక్కణ్ణుంచి జైలు రికార్డులోకీ పోతుంది. వెంకట సాయి లాంటి రెండు మూడు పేర్లున్నవాళ్లకి ఒక ముక్క రాసి ఇంకోటి వదిలేస్తారు, ఒక్కోసారి ముందుది వెనక్కి వెనకది ముందుకి పడుతుంది. అందుకని పాస్‌పోర్ట్ కాపీ దగ్గర పెట్టుకుని ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలతోనే ఒకసారి, పేర్లు తిరగేసి ఇంకోసారి కొట్టండి. పుట్టినతేదీ అడిగితే నెల ముందు, రోజు తర్వాత. అదే పేరుతో వేరే కుర్రాడు కూడా దొరకొచ్చు, పుట్టినతేదీ సరిచూడకుండా మావాడే అనుకుని ఎవరికీ పంపకండి, అది ఇంకొకరి బిడ్డ పరువు.

అయినా దొరక్కపోతే కంగారు పడకండి, వేలిముద్రలు ఫోటో అన్నీ తీసి బుకింగ్ పూర్తయ్యేదాకా పేరు ఎక్కదు, దానికి కొన్ని గంటలు పడుతుంది. షెరిఫ్ ఆఫీసు జైలు నంబరుకి ఫోన్ చేసి పేరు, పుట్టినతేదీ చెప్తే లోపల ఉన్నాడో లేదో చెప్తారు. అసలు ఏ కౌంటీలోనూ లేడంటే అప్పుడు ఐస్ (ICE, అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్ల డిటెయినీ లొకేటర్, అంటే వాళ్లు పట్టుకున్నవాళ్లని వెతికే సైటు చూడండి, అందులో పేరుతో పాటు పుట్టిన దేశం ఇవ్వాలి. 2019లో ఇమిగ్రేషన్ వాళ్లే వల పన్నడానికి పెట్టిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో మన తెలుగు పిల్లలు చాలామంది దొరికారు కదా, అది ఇమిగ్రేషన్ అరెస్ట్, అలాంటి కేసుల్లోనూ కొందర్ని కౌంటీ జైళ్లలోనే పెడతారు, కాబట్టి రెండూ చూడాలి.

రికార్డు దొరికాక నాలుగు విషయాలు రాసుకోండి: బుకింగ్ నంబరు, ఛార్జ్ (అంటే మోపిన నేరం), బాండ్ మొత్తం (బెయిల్‌కి కట్టాల్సిన డబ్బు), హోల్డ్ (వదలకుండా మాకు అప్పగించండని వేరే శాఖ పెట్టిన అడ్డు) ఏమైనా ఉందా. టెక్సస్ చట్టం ప్రకారం అరెస్టయిన 48 గంటల లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, బాండ్ ఎంతో మామూలుగా అక్కడే తేలుతుంది, కాబట్టి ముందు చూసినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే భయపడొద్దు. హోల్డ్ దగ్గర ఐస్ అనో ఇమిగ్రేషన్ అనో కనిపిస్తే మాత్రం బాండ్ కట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఇక్కడ బాండ్ కట్టగానే అటు ఐస్ చేతిలోకి వెళ్లే అవకాశం ఉంది. ఇంకోటి, అక్కడ రాసిన ఛార్జ్ పోలీసులు పెట్టింది మాత్రమే, ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ లాయర్, దాన్నే కోర్టులో ఫైల్ చేయొచ్చు, మార్చొచ్చు, అసలు ఫైల్ చేయకపోవచ్చు.

అబ్బాయి జైలు నుంచి ఫోన్ చేస్తే ఆ రాత్రి ఏం జరిగిందో అడగనే అడగకండి. ఆ కాల్స్ రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడినా సరే, ట్రాన్స్‌లేటర్‌ని పెట్టి వినొచ్చు. తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది, లాయర్ వస్తున్నాడు, అంతే.

కోడలి విషయం కూడా చెప్పాలి మాస్టారూ. కేసు వెనక్కి తీసుకోమని ఆ అమ్మాయికి గానీ వియ్యంకుల వారికి గానీ ఫోన్లు చేయకండి. అక్కడ కేసు నడిపేది ప్రభుత్వం, ఆమె వద్దన్నా ఆగదు, మీరు ఒత్తిడి చేస్తే సాక్షిని బెదిరించారని కొత్త కేసు కావొచ్చు. పైగా ఆ అమ్మాయికి దెబ్బలు తగిలాయో ఏమో మనకి తెలీదు, ఇప్పుడు ఆమె క్షేమం కూడా మీ బాధ్యతే. ఇలాంటి కేసుల్లో మెజిస్ట్రేట్ తరచూ ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇస్తాడు, అబ్బాయి బయటికొచ్చినా కొన్ని వారాలు ఆ ఇంటికి వెళ్లకూడదు, ఉండడానికి వేరే చోటు ఇప్పుడే చూసిపెట్టండి.

రికార్డు అందరికీ కనిపిస్తుందా అంటే, కనిపిస్తుంది. టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద అరెస్ట్ తాలూకు ప్రాథమిక వివరాలు దాచడానికి లేదు, ఎవరైనా అడగొచ్చు, ఎందుకని కూడా అడగరు. నేరం రుజువు కాకముందే ముఖం ఊరంతా చూడటం నాకూ కష్టంగానే అనిపిస్తుంది, కానీ పోలీసులు ఎవర్నీ గుట్టుగా మాయం చేయకుండా ఆపేదీ ఇదే, మీరు ఖమ్మంలో కూర్చుని బిడ్డ ఎక్కడున్నాడో వెతుక్కోగలుగుతున్నారంటే దీని వల్లే. మగ్‌షాట్లు, అంటే అరెస్ట్ ఫోటోలు, పెట్టే సైట్ల మీద 2013లో టెక్సస్ చట్టం తెచ్చింది, ఫోటో తీసేయడానికి డబ్బు అడిగితే ఆ మెసేజ్ దాచి లాయర్‌కి చూపించండి. కేసు కొట్టేస్తే చాలా సందర్భాల్లో ఎక్స్‌పంక్షన్‌కి, అంటే రికార్డు చెరిపేయమని కోర్టులో వేసుకోవచ్చు, అప్పుడు ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తారు, కానీ ఇమిగ్రేషన్ ఫారాల్లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగితే తర్వాత కూడా నిజమే రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, త్వరగా బయటపడొచ్చని ఎవరైనా డిఫర్డ్ అడ్జుడికేషన్‌కి (నేరం ఒప్పుకుంటే శిక్ష వేయకుండా కొన్నాళ్లు షరతుల మీద వదిలిపెట్టే ఒప్పందం) సంతకం పెట్టమంటే లాయర్‌ని అడక్కుండా పెట్టొద్దని చెప్పండి. టెక్సస్ లెక్కలో అది శిక్ష పడినట్టు కాదు గానీ ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష కిందే లెక్కేస్తుంది, గృహహింస కేసులో శిక్ష పడితే డిపోర్ట్ చేయొచ్చు. నేరం ఒప్పుకుంటే డిపోర్ట్ అయ్యే ప్రమాదం గురించి క్రిమినల్ లాయర్ ముందే చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి లాయర్‌ని మొదటి మాటే అది అడగండి. డబ్బు లేకపోతే జైలు పడే అవకాశమున్న కేసులో కోర్టే లాయర్‌ని ఇస్తుంది. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు కూడా అబ్బాయికి ఉంది, కాకపోతే అతను అడగాలి, పోలీసులు వాళ్లంతట వాళ్లు కాన్సులేట్‌కి చెప్పరు.

ఈలోపు మీకు బాండ్స్‌మన్‌నో (ఫీజు తీసుకుని బెయిల్‌కి పూచీ ఉండేవాడు) పోలీసునో అంటూ ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనమంటే పెట్టేయండి, అది మోసం. నిజమైన బాండ్స్‌మన్ సాధారణంగా బాండ్‌లో సుమారు 10 శాతం తీసుకుంటాడు, అది తిరిగి రాదు, రసీదు ఇస్తాడు. డాలస్‌లో పొద్దున్న 9 అంటే ఖమ్మంలో ఎండాకాలం రాత్రి 7:30, చలికాలం 8:30, లాయర్ ఆఫీసులు తెరిచేది అప్పుడే, రాసుకున్న బుకింగ్ నంబరూ ఛార్జూ చేతిలో పెట్టుకుని ఆ టైముకి ఫోన్ చేయండి.