పేగు పూత మాత్రల వల్ల వీర్యకణాలు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 33. మాది కందుకూరు దగ్గర పల్లె. పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్)కు మూడేళ్లుగా మెసలమైన్ మాత్రలు వాడుతున్నాను. ఇంకా పిల్లల్లేరు. పరీక్షలో వీర్యకణాలు మిల్లీలీటరుకు 90 లక్షలే ఉన్నాయి. మాత్ర పైపొరలోని రసాయనమే కారణమని చదివి నెల క్రితం మానేశాను. మందుల షాపులో టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్) ఇంజెక్షన్లు ఇస్తే వేయించుకుంటున్నాను. మళ్లీ విరేచనంలో రక్తం పడుతోంది. ఆ రసాయనం లేని మాత్రలు ఉన్నాయా?

జవాబు: మీరు చివర్లో రాసిన రక్తం సంగతే ముందు చూడాలి. వ్యాధి తిరగబెట్టి ఉండవచ్చు కనుక, ఒంగోలులోనో నెల్లూరులోనో ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వ్యాధుల నిపుణుణ్ని) కలవండి. రక్తం ఎక్కువగా పోతున్నా, జ్వరం, గుండెదడ ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వ్యాధి అదుపు తప్పితే దాని వల్ల కూడా వీర్యకణాలు దెబ్బతినవచ్చు.

మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు. మందు పేగులోకి చేరాకే కరిగేలా కొన్ని కంపెనీలు మాత్ర పైపొరలో డైబ్యూటైల్ థాలేట్ వాడేవి. అలాంటి మెసలమైన్ వాడిన పురుషుల్లో వీర్యకణాల కదలిక తగ్గినట్టు అధ్యయనంలో కనిపించింది. దీన్ని మందుల్లో వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే తయారీదారులకు సూచించింది. ఇది లేని మెసలమైన్ దొరుకుతుంది. మీ స్ట్రిప్ చూపిస్తే, అవసరమైతే డాక్టరే మారుస్తారు. ఇదే జబ్బుకు ఇచ్చే సల్ఫాసలజైన్‌లో అయితే అసలు మందే వీర్యకణాలను తగ్గిస్తుంది, మార్చిన రెండు మూడు నెలల్లో చాలామందిలో అవి కోలుకుంటాయి. మీరు ఎప్పుడైనా అది వాడారేమో పాత చీటీలు చూడండి.

ఇక ఆ ఇంజెక్షన్లు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందితే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వృషణాలను ప్రేరేపించడం మానేస్తుంది, వీర్యకణాల ఉత్పత్తి దాదాపు ఆగిపోవచ్చు, ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. పిల్లలు కావాలనుకునే మగవారికి ఇవ్వకూడని మందునే మీకు అమ్మారు! డాక్టరు చీటీ లేకుండా దాన్ని అమ్మడమే తప్పు, ఇచ్చారని వేయించుకోవడం మరో తప్పు. తర్వాతి డోసు వేయించుకోకండి; ఎన్ని వేయించుకున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.

పరీక్ష ఇంజెక్షన్లకు ముందు చేయించారో తర్వాతో మీరు రాయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు, అయినా ఒక్క రిపోర్టుతో తేల్చలేం. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, డాక్టరు చెప్పిన గడువు తర్వాత, 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండి మళ్లీ చేయించండి. మీ భార్యకూ పరీక్షలు జరగాలి; ఆమె గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. మిమ్మల్ని చూడకుండా నేను మందు పేరు రాయలేను. పాత చీటీలు, స్ట్రిప్పులు, ఆ ఇంజెక్షన్ పెట్టెతో సహా అన్నీ వెంట తీసుకెళ్లండి.