లంచ్ బ్రేక్ చూసి స్టేట్ ఎంచుకుంటారా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. స్టోర్‌లో రోజూ ఎనిమిది గంటలు డ్యూటీ, తినడానికి కూడా వదలరట. కాలిఫోర్నియాలో భోజన విరామం తప్పనిసరి అంటున్నారు. వచ్చే ఏడాది అమ్మాయిని అక్కడికి పంపమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. కాలిఫోర్నియాలో ప్రైవేటు యజమాని ఐదు గంటలకు మించి పని చేయించుకుంటే, ఐదో గంట ముగిసేలోపే అరగంట భోజనానికి వదలాలి. వదలకపోతే ఆ రోజుకు ఒక గంట జీతం అదనంగా ఇవ్వాలి. డాలస్ ఉన్న టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం కూడా బ్రేక్ ఇచ్చి తీరాలని చెప్పదు. ఇరవై నిమిషాల్లోపు బ్రేక్ ఇస్తే జీతం కోయకూడదంటుంది, అంతే. పైగా కాలిఫోర్నియా రూలు ప్రభుత్వ సంస్థలకు వర్తించదని అక్కడి సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. కాబట్టి స్టేట్ యూనివర్సిటీ క్యాంటీన్‌లో చేసే పిల్లకు అది అక్కరకొస్తుందని నమ్మకం పెట్టుకోలేం.

పోలిక ఇంతటితో చాలు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ఎనిమిది గంటలు. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయాలి. మూడు రోజులకే లెక్క దాటిపోతోంది. ఆ స్టోర్ క్యాంపస్ బయటదై, అనుమతి కూడా లేకపోతే, పిల్లాడు బ్రేక్ అడగలేడు. అడిగితే వీసాకే ఎసరు వస్తుందని వాడి భయం. ఆ భయం యజమానికీ తెలుసు. కాలిఫోర్నియాలోనైనా ఇదే కథ.

కోపం తెచ్చుకోకండి, కాస్త గట్టిగానే అంటున్నాను. ఫీజుకు లోన్ తీసి, తిండికీ అద్దెకూ ‘పార్ట్‌టైమ్ చూసుకుంటాడులే’ అనుకున్నది ఎవరు? ఆ మాట కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉండొచ్చు, నమ్మింది మాత్రం మనం. ఎదురింటి వాళ్లు పంపారని మనమూ పంపే ఈ ఎంఎస్ మీద నాకు రానురాను అనుమానం పెరుగుతోంది. అమ్మాయికి మొదటి ఏడాది ఖర్చు మొత్తం చేతిలో ఉంటేనే పంపండి. లేదంటే ఇక్కడే రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి. కాలిఫోర్నియా అద్దెలు డాలస్ కంటే బరువు, అదీ గుర్తుపెట్టుకోండి.

అబ్బాయి గురించి మరీ బెంగపడకండి, ఇప్పటికైనా జాగ్రత్తపడొచ్చు. అనుమతి లేని పనైతే వెంటనే మానేసి, ఇమిగ్రేషన్ లాయరును కలవమనండి. ఈ రాత్రి ఫోన్‌లో స్టోర్ సంగతి తిట్టకుండా అడగండి. అద్దెకు ఎంత తక్కువైందో కనుక్కుని, అప్పు చేసైనా ఆ మొత్తం పంపండి.