కోస్తా ఎండలో, తేమలో 1/35 సైనికుల బొమ్మలకి ప్రైమర్ గరుకెక్కకుండా, మొహం రంగు తుట్టె కట్టకుండా ఏం చెయ్యాలి?

కావలిలో మేడ మీద స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత) కొడితే బొమ్మంతా గరుకెక్కిందనీ, మొహానికి రంగు వేస్తుంటే బ్రష్ మీదే ఎండి తుట్టె కడుతోందనీ రాశారు. 1/35 (అసలు సైజులో ముప్పై ఐదో వంతు) ప్లాస్టిక్ బొమ్మలు, ఉత్తరాఫ్రికాలో పోరాడిన మన సిపాయిలు అన్నారు కాబట్టి ఆ రంగుల సంగతి కూడా చెబుతాను. మీ రంగుల్లో లోపం ఉందనుకోను. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎవరు ఈ పని మొదలుపెట్టినా ముందు దెబ్బ కొట్టేది గాలే. డబ్బా మీద రాసిన దూరం, ఆరే సమయం మన వేడికి సరిపోవు, మార్చుకోవాలి.

స్ప్రే తుంపర బొమ్మని చేరేలోపే సగం ఎండిపోతే గరుకు వస్తుంది. తడిగా పడి పరుచుకోవాల్సిన రంగు పొడిగా పడి అంటుకుంటుంది. వడగాలి వేళ ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి కొడితే ఇది ఖాయం. 1/35లో నిలువెత్తు మనిషి 5 సెంటీమీటర్లు, చొక్కా గుండీ మిల్లీమీటరులో మూడో వంతు. దాని మీద నాలుగు రేణువులు కూర్చుంటే ఇక గుండీ కనబడదు. అందుకని ఎండాకాలంలో పొద్దున 8 నుంచి 10 లోపు, నీడలో, గాలి మళ్లని మూలన, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో కొట్టండి. డబ్బాని రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. బొమ్మకి ఇవతల నొక్కి, బొమ్మ దాటాక వదలాలి. ఒక్కో విసురు సెకనుకి మించకూడదు. కింద ప్లాస్టిక్ లీలగా కనబడేంత పలచగా మొదటి పూత వేసి, పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది వెయ్యండి. మూడో పూత చాలాసార్లు అక్కర్లేదు. రోహిణి కార్తెలో డబ్బాని మేడ మీద ఎండలో మాత్రం వదలొద్దు, లోపల ఒత్తిడి పెరిగి పేలుతుంది.

వానాకాలం కథ వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం పట్టిన రోజుల్లో, ప్రైమర్ మీద తెల్లటి పొగలాంటి పొర వస్తుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు బొమ్మ ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ ఆ తడిపూతలోకి దిగుతుంది. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనుక్కుని, 80 శాతం దాటితే డబ్బా ముట్టుకోకండి. ముసురు వదలకపోతే వల్లెహో అనే రంగుల కంపెనీ వాళ్ల నీటి ప్రైమర్‌ని బ్రష్‌తోనే రెండు పలచటి పూతలు వేసి, ఒక రోజంతా వదిలెయ్యండి. అది పూర్తిగా గట్టిపడకముందు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) పెడితే తోలులా ఊడొస్తుంది. కార్ల పెయింటు షాపులో దొరికే ప్రైమర్ చవకే గానీ దాని ద్రావకం ఘాటు. తడిగా పడితే ప్లాస్టిక్ కరిగి మీసం, కనురెప్ప మాయమైపోతాయి. ఈ సైజు బొమ్మలకి అది వద్దనే నా సలహా.

ప్రైమర్‌కి ముందు పని తక్కువేం కాదు. అచ్చు నుంచి ఊడి రావడానికి వాడిన నూనె కొంచెం ఉండిపోతుంది, పైగా మన చేతి చెమట. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అచ్చు గీతల్ని బ్లేడు వీపుతో, అంటే పదును లేని వైపుతో గీరి, 600 తర్వాత 1000 నంబరు వాటర్ పేపరు పట్టించండి. కాలి అడుగున 0.8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి తీగ గుచ్చి, మాత్రల డబ్బా మూతకి అతికిస్తే పని అయ్యేదాకా బొమ్మని వేలితో తాకక్కర్లేదు.

ఇప్పటికే గరుకెక్కిన బొమ్మల సంగతి. చొక్కా వీపు, ప్యాంటు లాంటి చదును చోట్ల 1500 నంబరు పేపరుతో తడిపి మెల్లగా రుద్దితే చాలు. మొహం పోతే మాత్రం రంగు తీసెయ్యాల్సిందే. ప్రైమర్ యాక్రిలిక్ రకమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి బ్రష్‌తో తోమండి. గోళ్ల రంగు తీసే ద్రవం, పెయింటు షాపు థిన్నరు దగ్గరికి రానివ్వకండి, బొమ్మే కరిగిపోతుంది.

ఇక మొహం రంగు. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఉక్కపోత భరించడం కష్టమే, కానీ బ్రష్ కొసన ఉన్న చుక్క రంగుకి ఆ గాలి చాలు ఎండిపోవడానికి. రంగుని సాసర్లో పిండకండి. చిన్న ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో తడిపిన స్పాంజి పరిచి, దాని మీద బేకరీ వాళ్లు వాడే బటర్ పేపరు వేసి, రంగు ఆ కాగితం మీద పెట్టండి. మూత పెడితే మర్నాటికీ పచ్చిగానే ఉంటుంది. స్పాంజికీ, రంగు కలపడానికీ బోరు నీళ్లు వాడొద్దు. మన తీరంలో చాలా చోట్ల అవి ఉప్పు నీళ్లు, ఆరాక మడతల్లో తెల్ల మరకలు తేలతాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొంటే నెలల తరబడి వస్తుంది. ఐదారు చుక్కల రంగుకి ఒక చుక్క రిటార్డర్, అంటే రంగు త్వరగా ఎండకుండా ఆపే ద్రవం, కలపండి. ఇంకా ఎక్కువైతే పూత జిగటగా ఉండిపోయి కింది పొరని లాగేస్తుంది. తమియా అనే ఇంకో కంపెనీ థిన్నర్‌ని (రంగు పలచన చేసే ద్రవం) వల్లెహో రంగులో కలిపితే అందులోని ఆల్కహాల్‌కి రంగు పెరుగులా విరుగుతుంది. మీ తుట్టెలకి అదీ కారణమేమో చూసుకోండి.

అడుగు పూతకి రెండు పాళ్ల రంగుకి ఒక పాలు నీళ్లు, పై పూతలకి సగం సగం. వెలుగునీడల అంచులు కలపడానికి ఒక పాలు రంగుకి ఐదు పాళ్ల నీళ్లు పోసి, బ్రష్‌ని టిష్యూ మీద ఒత్తి తీశాకే బొమ్మకి తాకించాలి. ఒత్తకపోతే నీళ్లు గుంటల్లోకి జారి, ఆరాక చుట్టూ గీత కడుతుంది.

ఇక్కడ చెప్పే రంగుల పేర్లు వల్లెహో సీసాల మీదివి. ఫ్లాట్ ఫ్లెష్ అనే సీసా తెల్లవాళ్ల ఒంటికి చేసింది, మన సిపాయికి వెయ్యొద్దు. రెడ్ లెదర్‌లో చాక్లెట్ బ్రౌన్ కొద్దిగా కలిపి అడుగు పూత వెయ్యండి. ముక్కు దూలం, చెంప ఎముక, గడ్డం కొసకి అదే రంగులో కార్క్ బ్రౌన్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోండి. తెలుపు కలిపితే నల్లటి చర్మం బూడిద పూసినట్టు అయిపోతుంది. తల మొత్తం 6 మిల్లీమీటర్లు, కంటి వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి కన్ను స్థానంలో ముందు ముదురు గోధుమ గీత పెట్టి, దాని మధ్యలో పాలిపోయిన బూడిదరంగు చుక్కలు రెండు, నడుమ నల్ల చుక్క. అచ్చ తెలుపు వాడితే గుడ్లు ఉరిమి చూస్తున్నట్టుంటుంది. తలని విడిగా టూత్‌పిక్‌కి గుచ్చి వేస్తే పని సులువు.

1940 డిసెంబరులో సిదీ బర్రానీ దగ్గర పోరాడిన నాలుగో భారత డివిజన్ మీరు అనుకుంటున్నదైతే, దాని గుర్తు ఎర్ర గద్ద. వేడి ప్రదేశాల్లో తొడిగింది ఖాకీ డ్రిల్, అంటే నూలు బట్ట. ఖాకీలో ఇరాకీ శాండ్ సగం కలిపితే దగ్గరికొస్తుంది. ఇంగ్లిష్ యూనిఫాం అనే సీసా ఉన్ని బట్టల రంగు, చలి రోజుల బ్యాటిల్‌డ్రెస్‌కి తప్ప పట్టుకోకండి. ఉతుకుల వల్ల చొక్కా ఒక రంగు, నిక్కరు ఒక రంగు అయ్యేవి, రెండూ కావాలనే కొద్దిగా తేడాగా వెయ్యండి. మడతల నీడకి నలుపు వద్దు, ముదురు గోధుమ కలపండి. 1937 నమూనా బెల్టు పట్టీలు ఎండకి వెలిసి బట్ట కంటే పాలిపోయినట్టుంటాయి. సిక్కు సిపాయికి పగ్డీ కూడా ఖాకీయే. దాని చుట్ల మధ్య గీత సన్నగా పడితేనే అది గుడ్డలా కనబడుతుంది.

రంగుని కాపాడే చివరి మాట్ (మెరుపు లేని) వార్నిష్‌కి కూడా తేమ నియమం అదే. సీసా అడుగున పేరుకున్న తెల్లటి ముద్ద పూర్తిగా కలిసేదాకా ఊపి, ఒక్క పలచటి పూత వెయ్యండి. మందంగా పడితే మడతల్లో తెల్లగా గడ్డ కడుతుంది, అంత పని చేసిన మొహం మీద దాన్ని సరిచెయ్యడం చాలా కష్టం.