ఇంగ్లండ్ నర్సింగ్ హోమ్ ఆఫర్: రేటింగ్ కాదు, నివేదిక చదవాలి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఇంగ్లండ్‌లోని ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్ నుంచి నర్సు ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది. అయితే అక్కడి తనిఖీ సంస్థ ఆ హోమ్‌కు ‘రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్’ అనే రేటింగ్ ఇచ్చిందట. పంపవచ్చా? ముందుముందు తనిఖీ అధికారి కావాలన్నది అమ్మాయి కోరిక. అది సాధ్యమేనా?

జవాబు: ఆ రేటింగ్ ఒక్కటే చూసి ఆఫర్‌ను వదులుకోనక్కరలేదు. అలాగని దాన్ని పట్టించుకోకుండా సంతకం చేయడమూ మంచిది కాదు. రేటింగ్ వెనుక ఉన్న నివేదికను మీ అమ్మాయి ఆసాంతం చదవాలి. అది తనిఖీ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది.

ఇంగ్లండ్‌లో 2009 నుంచి ఈ తనిఖీ బాధ్యత కేర్ క్వాలిటీ కమిషన్‌ది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే సంస్థలున్నాయి. కమిషన్ ప్రతి హోమ్‌నూ ఐదు కోణాల్లో పరిశీలిస్తుంది: అక్కడ ఉండేవారికి భద్రత ఉందా, అందుతున్న సేవ ఫలితమిస్తోందా, సిబ్బంది ఆదరంగా మెలుగుతున్నారా, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి స్పందిస్తున్నారా, నిర్వహణ సమర్థంగా ఉందా. వీటికి విడివిడిగానూ, మొత్తం మీదా నాలుగు మెట్ల రేటింగ్ ఇస్తారు: ‘అవుట్‌స్టాండింగ్’ (అత్యుత్తమం), ‘గుడ్’ (బాగుంది), ‘రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్’ (మెరుగుపడాలి), ‘ఇనాడిక్వేట్’ (సరిపోదు).

ఇలాంటి కేర్ హోమ్‌లకు తనిఖీ అధికారులు చాలావరకు ముందుగా చెప్పకుండానే వస్తారు. మందుల ట్రాలీ దగ్గర నిలబడి, ఎవరికి ఏ పూట ఏ మందు ఇచ్చారో రాసే చార్టులో సంతకం లేని గడులు ఉన్నాయేమో చూస్తారు. మార్ఫిన్ వంటి మందులు బీరువాలో ఎన్ని ఉన్నాయో, రిజిస్టరులోని లెక్కతో సరిపోల్చుతారు. స్నానపు నీటి వేడి 44 డిగ్రీల సెల్సియస్ దాటుతోందేమో కనుక్కుంటారు, ఎందుకంటే ముసలివారి పలుచని చర్మం త్వరగా కాలుతుంది. మతిమరుపు ముదిరి నోటితో చెప్పలేనివారు ఉన్నచోట అధికారి హాలులో ఒక మూల మౌనంగా కూర్చుని, సిబ్బంది వారిని ఎలా పలకరిస్తున్నారో, అన్నం ఎలా తినిపిస్తున్నారో గమనించి నమోదు చేసుకుంటారు. కాగితాలు ఎంత చక్కగా సర్దిపెట్టినా ఈ పరిశీలనలో అసలు సంగతి బయటపడుతుందని నా అభిప్రాయం.

నివేదికలో మొదట తేదీ చూడండి. 2024లో ప్రభుత్వం కోరగా డాక్టర్ పెన్నీ డాష్ జరిపిన సమీక్ష కమిషన్ పనితీరునే గట్టిగా తప్పుపట్టింది. తనిఖీలు తగ్గాయనీ, చాలా రేటింగులు ఏళ్ల నాటివనీ తేల్చింది. కాబట్టి పాత ‘గుడ్’ చూసి మురిసిపోవడమూ, పాత ‘రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్’ చూసి బెదరడమూ రెండూ తొందరపాటే. తరువాత భద్రత, నిర్వహణ విభాగాలు చదవండి. సంరక్షణ ప్రణాళికలు సకాలంలో తాజాపరచలేదన్నది సరిదిద్దుకోగల లోపం. రాత్రిపూట సిబ్బంది చాలడం లేదనో, మందుల్లో పొరపాట్లు జరుగుతున్నాయనో వరుసగా రెండు నివేదికల్లో ఉంటే మాత్రం ఆ హోమ్‌కు వెళ్లవద్దనే నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ నర్సు తన పనికి, నర్సుల రిజిస్ట్రేషన్ చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ముందు తానే జవాబుదారీ, యాజమాన్యం మనుషుల్ని తక్కువగా పెట్టినా ప్రశ్న ఆమె రిజిస్ట్రేషన్ దాకా రావచ్చు.

ఆఫర్ లెటర్‌లో హోదా ‘రిజిస్టర్డ్ నర్స్’ అనే ఉందా? విదేశాల నుంచి కేర్ వర్కర్లను, అంటే నర్సు హోదా లేని సంరక్షణ సిబ్బందిని, కొత్తగా తీసుకోవడాన్ని బ్రిటన్ 2025 జులై 22 నుంచి ఆపేసింది. నర్సులకు దారి తెరిచే ఉంది. రిజిస్ట్రేషన్ కోసం కౌన్సిల్ నిర్వహించే ప్రాక్టికల్ పరీక్ష ‘ఆస్కీ’ గట్టెక్కే వరకు ఏ హోదాలో పనిచేయాలో, జీతం ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు డబ్బు అడిగితే అది బ్రిటన్ నియామక నియమావళికే విరుద్ధం. అటువంటి చోట మాటలు ముందుకు సాగనివ్వకండి.

ఇక తనిఖీ అధికారి ఉద్యోగం సాధ్యమే, కానీ నేరుగా అందేది కాదు. నర్సుగా కొన్నేళ్లు చేసి, డిప్యూటీ మేనేజరుగా, ఆపై కమిషన్ వద్ద స్వయంగా నమోదయ్యే ‘రిజిస్టర్డ్ మేనేజర్’గా ఎదగడం అందుకు మంచి దారి. మేనేజరుగా తనిఖీని ఎదుర్కొన్నవారికి ఆధారం ఎక్కడ వెతకాలో తెలిసి ఉంటుంది. కంటితో చూసినదాన్ని ఊహ కలపకుండా ఇంగ్లిష్‌లో రాయగలగడం ఈ వృత్తికి ప్రాణం. మీ అమ్మాయి పనిచేస్తున్న ఆసుపత్రికి ఎన్‌ఏబీహెచ్ (మన దేశంలో ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే) గుర్తింపు ఉంటే, వీసా వచ్చేలోగా అక్కడి క్వాలిటీ విభాగంలోనో, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బృందంలోనో పని అడిగి తీసుకుని, ఆడిట్లలో పాల్గొని, ఘటనల నివేదికలు తానే రాయడం ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు.