థైరాయిడ్ క్యాన్సర్ నయమైంది, పొదుపుతో గృహరుణం తీర్చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. రెండేళ్ల క్రితం పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలడంతో గ్రంథిని పూర్తిగా తొలగించి, తర్వాత రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను నాశనం చేసే రేడియోధార్మిక మందు) ఇచ్చారు. 'ఇది మంచి క్యాన్సర్, ఇక మరిచిపోండి' అన్నారు. చేతిలో ఏడాది జీతమంత పొదుపు ఉంది. దానితో గృహరుణం తీర్చేసి, కొత్తగా టర్మ్ పాలసీ తీసుకోవాలనుకుంటున్నాను. నయమైన జబ్బు గురించి దరఖాస్తులో రాయనక్కర్లేదని ఏజెంట్ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: 'మంచి క్యాన్సర్' అన్న మాట ధైర్యం చెప్పడానికి అన్నదే అయినా, దాన్ని విన్న చాలామంది తమ నీరసం గురించీ ఖర్చుల గురించీ డాక్టరును అడగడానికి మొహమాటపడతారు. ఈ రకం క్యాన్సర్‌లో అత్యధికులు దీర్ఘకాలం జీవిస్తారన్నది నిజమే. అయితే మాత్రలూ పరీక్షలూ కూడా అన్నేళ్లు వెంట ఉంటాయి కనుక, దీన్ని ఒకసారి కట్టి మరిచిపోయే బిల్లుగా కాక, ప్రతి ఏటా వచ్చే ఖర్చుగా లెక్క వేసుకోవాలి.

గ్రంథి లేదు కాబట్టి థైరాక్సిన్ మాత్ర జీవితాంతం తప్పదు. మాత్ర చవకే, దాని చుట్టూ ఉన్నవే ఖర్చు. మోతాదు మారిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాలను ప్రేరేపించే హార్మోన్) చూడాలి, క్యాన్సర్ తిరగబెట్టిందేమో తెలిపే థైరోగ్లోబ్యులిన్ రక్తపరీక్ష, మెడ అల్ట్రాసౌండ్ డాక్టరు చెప్పిన గడువుల్లో చేయించుకోవాలి. కాస్త తక్కువకు వస్తోందని మందుల షాపులో వేరే కంపెనీ మాత్ర తీసుకుంటే మళ్లీ టీఎస్‌హెచ్ చూడవలసి రావచ్చు. అప్పుడు మిగిలిన డబ్బు కాస్తా ల్యాబుకు పోతుంది. శస్త్రచికిత్సలో, కాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నవారికి కాల్షియం, విటమిన్ డి కూడా తోడవుతాయి. క్యాన్సర్ తిరగబెట్టకుండా మాత్రతో టీఎస్‌హెచ్‌ను చాలాకాలం బాగా తక్కువగా ఉంచితే గుండె లయ తప్పే, ముఖ్యంగా రుతుక్రమం ఆగిన స్త్రీలలో ఎముకలు బలహీనపడే అవకాశం ఉంది కనుక, వయసు పెరిగాక ఆ పరీక్షలు కూడా జాబితాలో చేరవచ్చు.

లెక్కకు అందని ఖర్చు ఇంకొకటి ఉంది. ఎప్పుడైనా రేడియో అయోడిన్ మళ్లీ అవసరమైతే, మాత్రను మూడు నాలుగు వారాలు ఆపడమో, టీఎస్‌హెచ్‌ను పెంచే ఖరీదైన ఇంజెక్షన్లు తీసుకోవడమో చేయాలి. మాత్ర ఆపినవారిలో చాలామంది ఆ రోజుల్లో చలికి ముడుచుకుపోతూ, రాసిన మెయిల్‌నే రెండుసార్లు చదువుకుంటూ గడుపుతారు. ఆ నష్టం ఆస్పత్రి బిల్లులో కాక సెలవుల ఖాతాలో కనిపిస్తుంది. అయోడిన్ తీసుకున్న తర్వాత ఇంట్లో పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండవలసిన రోజులు అదనం.

ఇక ఏజెంట్ సలహాను వినకండి. దరఖాస్తులో ప్రశ్న సాధారణంగా 'ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా' అని ఉంటుంది. ఇప్పుడు ఉందా అని కాదు. దాచిన సంగతి బయటపడి క్లెయిమ్ తిరస్కరిస్తే, నష్టపోయేది కమీషన్ తీసుకున్న ఆయన కాదు, మీ కుటుంబం. నిజం రాస్తే కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, కొన్నేళ్లు ఆగి రమ్మనవచ్చు. ఒకరు కాదంటే మరొకరిని అడగండి. అడిగేముందు ఆపరేషన్ వివరాలు, కణితి సైజు, లింఫ్ గ్రంథుల సంగతి ఉన్న బయాప్సీ నివేదిక, ఇచ్చిన అయోడిన్ మోతాదు, వరుసగా వచ్చిన థైరోగ్లోబ్యులిన్ ఫలితాలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఈ కాగితాలు సరిగ్గా లేకపోతే కంపెనీ మీ కేసును ఉన్నదానికంటే ప్రమాదకరంగా అంచనా వేసే అవకాశం ఉంది. ఇప్పటికే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (తీవ్రమైన జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చేది) ఉంటే దాన్నీ తీసి చదవండి: తొలిదశలోని చిన్న థైరాయిడ్ కణితులను చాలా పాలసీలు మినహాయిస్తాయి. ప్రస్తుత ఆరోగ్య బీమా ఏదైనా ఉంటే, కొత్తది చేతికి వచ్చేవరకు మానవద్దు.

రుణం విషయంలో నా అభిప్రాయం స్పష్టమే: పొదుపంతా అందులో పోయవద్దు. గృహరుణం అసలులో కలిసిపోయిన డబ్బును స్కాన్ రోజున వెనక్కి తీసుకోవడం కష్టం. ఎనిమిది నెలల ఇంటి ఖర్చును, దానిపైన రెండేళ్ల పరీక్షల ఖర్చును ఎప్పుడంటే అప్పుడు తీయగలిగే ఖాతాలో ఉంచండి. మిగిలినదానితో అసలు కట్టేటప్పుడు రుణ కాలాన్ని కాక నెలవారీ వాయిదాను తగ్గించమని అడగండి. వడ్డీ కొంత ఎక్కువ పడుతుందని తెలిసే ఈ మాట చెబుతున్నాను. మాత్ర ఆపవలసిన నెల ఏదైనా వస్తే, ఆ నెల వాయిదా చిన్నదిగా ఉండాలి.