గీత తెగిన చోటు

తిరుపతి

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. దానికి జతచేసిన ఇంకు నగ్నచిత్రాన్ని మాత్రం పదిసార్లు చూసుంటాను. వీపు మనవైపు పెట్టి కూర్చున్న ఆవిడను నువ్వు ఆదిశక్తి అన్నావు, గాయపడిన నేల అన్నావు, దేహ రాజకీయాలన్నావు. ఆ వీపు గీత మెడ దగ్గర మొదలై నడుము దాకా ఒక్క ఊపున దిగి, తుంటి దగ్గర తెగిపోయింది. వేలెడు ఖాళీ వదిలి మళ్లీ తొడ మీద మొదలైంది. దాని గురించి నీ ఆరు పేజీల్లో ఒక్క ముక్క లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఆ ఖాళీని మన కన్నే పూడుస్తుంది. ఉత్త కాగితమే ఒళ్లవుతుంది. పెన్సిలైతే చెరుపుకోవచ్చు, ఆయిల్ పెయింట్ అయితే పైన ఇంకో పూత వేయొచ్చు. ఇంకు పడిందంటే పడినట్టే. గీసినవాడి బెరుకు, మోహం, మర్యాద అన్నీ ఆ గీతలోనే దొరికిపోతాయి. ముందు గీతను చదువు, అర్థం సంగతి తర్వాత. ముప్పై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను.

మొదట్లో నేనూ ఇలాంటి బొమ్మ మీదే రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ గీత గురించి రాసిన మూడు పేరాలూ కొట్టేసి, నగ్నచిత్రం తీసేసి తామరపువ్వు వేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. రెండేళ్లు ఏమీ రాయలేదు. ఆ రోజుల్లోనే మీ శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పెద్దాయన పక్కన కూర్చునేదాన్ని. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో పులియబెట్టిన నల్లరంగు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ, ద్రౌపది చేతిని భుజం నుంచి మణికట్టు దాకా ఆపకుండా గీశాడు. తప్పు పోతే ఎట్లా అని అడిగాను. గీత అయ్యేదాకా ఆయన తలెత్తలేదు. తర్వాత కూడా జవాబు చెప్పలేదు.

ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ కలం గీతలు చూసి, చెయ్యి దానంతటదే పోయిందని రాశావు. కాదు. ముందు బొగ్గుతో బొమ్మలు గీసుకుని, ఆ మనిషి రూపం చేతికి పట్టుబడ్డాకే కలం పట్టేవాడు. గోవా చిత్రకారుడు సూజా గీతలు అడ్డదిడ్డంగా ఒంటిని కోసినట్టుంటాయి. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ కలం పల్లె మనుషుల ఒళ్లను సన్నసన్నగా, ఓపిగ్గా అల్లుతుంది. ముగ్గురూ గీసింది నగ్న దేహమే. అయినా ముగ్గురినీ నువ్వు ఒకే పేరాలో కట్టేశావు.

అశ్లీలమా కాదా అన్న చర్చకు రెండు పేజీలు దండగ. 1954లో బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ బొమ్మలు అశ్లీలమని కేసు పెడితే, కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. అంతదూరం ఎందుకు, మన తిరుపతి దగ్గరి గుడిమల్లం గుడిలో లింగం మీదున్న శివుడి పంచె ఎంత పలచగా చెక్కారో నువ్వు చూసే ఉంటావు. ఆ రెండు పేజీలూ తీసెయ్.

ఆవిడ మడమ పక్కన ఇంకు చుక్క పడిందని, దాన్ని దాచలేదని రాసిన వాక్యం మాత్రం నీదే. అది ఉంచు.

మిగతా కాగితాలు పక్కన పెట్టి, ఆ బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ వేసి వీపు గీతను నువ్వే ఇంకుతో దిద్దు. తుంటి దగ్గరికి వచ్చేసరికి నీ చెయ్యి ఏం చేసిందో రాసి పంపు.